వేణుమాధవ్ లోకల్ కాదంట

ధర్మవరంలో పుట్టి, ధర్మవరంలో పెరిగి, ధర్మవరం చీరలమ్మి అన్నం తింటూ, యాభై ఏళ్లొచ్చినా ధర్మవరం వాణ్ణని ఒప్పుకోక బెంగళూరు వాణ్ణని చెప్పుకునే మనిషిని చూడాలని ఎవరికైనా సరదా ఉంటే, రైల్వే స్టేషను దారిలో ఉన్న పట్టుచీరల షోరూముకు వెళ్లాలి. పై అంతస్తులో తెల్లపరుపు మీద వేణుమాధవ్ కూర్చుని ఉంటాడు. నెత్తిమీద మిగిలిన నాలుగు వెంట్రుకలకూ నల్లరంగు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. రోజంతా చీరలు విప్పి మడిచే మనిషికి పెన్నుతో పనేమీ లేదు. ఉన్నాయంతే.

అతనికి ఇంగ్లీషు రాదంటే అన్యాయం అవుతుంది. ఒక మాట బాగా వచ్చు. లోకల్. మిగతావన్నీ దానికి అటూ ఇటూ అతికించుకునే ముక్కలు. ఆ ఒక్క మాటను పట్టుకునే ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాడు.

దాన్ని అతను నేర్చుకున్నది హిందూపురంలో. ఇంటర్ తప్పి, ఇంట్లో మగ్గం మీద కూర్చోవడం నామోషీ అనిపించి, అక్కడి బట్టలంగట్లో చేరిన రోజులవి. ఆ అంగట్లో గోవిందప్ప అని ముసలి గుమస్తా ఉండేవాడు. కన్నడంలో బేరం మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు. ఆయన ఒకరోజు టీ తాగుతూ, "ఇదో చూడబ్బా, కొనేటోడు మనూరోడైతే సరుకు లోకల్ అని చెప్పొద్దు, మూతి ముడుస్తాడు. బయటోడైతే లోకల్ అనే చెప్పు, కండ్లకద్దుకుంటాడు. సరుకు అదే, మనుషులే వేరే" అన్నాడు. ఆయన లోకం తీరు చూసి నవ్వుకుంటూ చెప్పాడు. వేణుమాధవ్ మాత్రం నవ్వలేదు. గురూపదేశం లాగా మనసులో రాసుకున్నాడు.

ఇక ధర్మవరం తిరిగొచ్చి షోరూములో చేరాక ఆ ఉపదేశాన్ని ఎన్ని రకాలుగా వాడుకున్నాడో చెప్పాలి. తాడిమర్రి నుంచి రైతు కుటుంబం పెండ్లిచీరకని వచ్చి, ఒక మంచి చేనేత చీరను పట్టుకుని చూస్తుంటే, "అది లోకల్ అక్కా, రెండు పెండ్లిండ్లకు కూడా నిలవదు, ఇది చూడు" అని మరమగ్గం చీర ముందుకు తోసేవాడు. అదే మరమగ్గం చీరను లేపాక్షి చూసి వస్తూ ఆగిన బెంగళూరు వాళ్ల ముందు పరిచి, "ప్యూర్ లోకల్ మేడమ్, మగ్గం మీది నుంచి నేరుగా ఇక్కడికే" అనేవాడు. ఒకే నోరు, ఒకే పూట, ఒకే చీర. పెరటిచెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. కానీ పెరటిచెట్టును నరికి, దాని ఆకులే పక్కవీధిలో మందని అమ్మేవాణ్ణి ఏమనాలో పెద్దలు చెప్పకుండానే పోయారు.

షోరూము బయట కూడా ఆ మాట అతని నోట్లోంచి దిగేది కాదు. హోటల్లో చట్నీ నచ్చకపోతే లోకల్ చట్నీ. మనిషి నచ్చకపోతే లోకల్ కేండిడేట్. పెండ్లిచూపులకు ధర్మవరంలో మూడు సంబంధాలు చూసి, లోకల్ పిల్లలు వద్దని, గౌరీబిదనూరు దాకా పోయి పవిత్రను చేసుకొచ్చాడు. ఆమె రెండో నెలలోనే అతణ్ణి పూర్తిగా అర్థం చేసుకుని, అప్పటి నుంచి అతనితో అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. ఒకసారి పన్ను పీకించుకోవడానికి పోతే డాక్టరు మత్తుసూది చేతిలో పట్టుకుని, "లోకల్ ఇస్తాను, నొప్పి తెలియదు" అన్నాడట. "లోకల్ వద్దు సార్, దుడ్లు ఎంతైనా పర్వాలేదు, మంచిదే ఇయ్యండి" అన్నాడట ఈ మహానుభావుడు. డాక్టరు నవ్వాపుకోలేక బయటికి పోయి వచ్చి పన్ను పీకాడు.

ఒక్కచోట మాత్రం అతను లోకల్. పెనుకొండ దగ్గర హైవే మీద టోల్‌గేటు వస్తే చాలు, షోరూము కారు అద్దం దించి, మెడ బయటికి చాపి, "లోకల్ అప్పా, ఈడోళ్లమే, చూసుకొని అడుగు" అని గద్దించేవాడు. గేటు దాటి అద్దం ఎత్తుకున్నాక మళ్లీ బెంగళూరు మనిషి అయిపోయేవాడు. సిగ్గు అనేది కూడా అతనికి ఆ అద్దం మాదిరే ఉండేది, ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు.

ఇంతకూ ఇతను ఎవరి కొడుకు అంటే, గోవిందరాజులు కొడుకు. ధర్మవరంలో కుట్టు నేత తెలిసినవాళ్లు ఆ పేరు గౌరవంగా చెబుతారు. కుట్టు అంటే చీర మధ్యభాగం ఒక రంగు, అంచు ఇంకొక రంగు, రెంటినీ నేతలోనే ఒకదానికొకటి పెనవేసి కలపడం. దానికి పోగును అటూ ఇటూ లాక్కుపోయే నాడెలు మూడు కావాలి, ఒక మనిషి చేతులు చాలవు. అసలు నేతగాడు మధ్యలో కూర్చుంటే, కుడిపక్క ఇంకొకరు కూర్చుని అంచు నాడె విసరాలి. ఇద్దరి ఊపిరీ ఒకటైతేనే వరస కుదురుతుంది. వేణుమాధవ్ పన్నెండేళ్లకే ఆ కుడిపక్క కూర్చున్నాడు. ఆరేళ్లు కూర్చున్నాడు. అతను లేచిపోయాక తల్లి కూర్చుంది. తల్లి పోయాక చెల్లెలు ఈశ్వరి కూర్చుంది. పక్కవీధికే కోడలై వెళ్లిన ఈశ్వరి ఇప్పటికీ రోజూ పొద్దున్నే వచ్చి ఆ పక్కన కాళ్లు మగ్గం గుంటలో పెట్టుకుని కూర్చుంటుంది.

ఎనిమిదేళ్ల కిందట గోవిందరాజులు ఒక చీర నేసి, సంచిలో పెట్టుకుని, కొడుకు పనిచేసే షోరూముకే వచ్చాడు. కొడుకు చేతుల మీదుగా అమ్ముడుపోతే చూడాలని ఒక తండ్రికి ఉండే ఆశ. పరుపు నిండా జనం ఉన్నారు. యజమాని రఘునాథ్ ఆ చీరను విప్పి, "ఎట్లుందప్పా?" అని వేణుమాధవ్‌నే అడిగాడు. వేణుమాధవ్ చీర వైపు చూశాడు, తండ్రి వైపు చూడలేదు. "లోకల్ అన్నా, పక్కన పెట్టండి" అన్నాడు. ముసలాయన చీరను తనే మడుచుకుని, సంచిలో పెట్టుకుని, మెట్లు దిగిపోయాడు. ఆ రోజు నుంచి కొడుకు ఆ ఇంటి గడప తొక్కలేదు. తొక్కే ముఖం లేక కాదు. అతనికి ఆ సంగతి గుర్తే లేదు. తీరిక లేదనుకున్నాడు, అంతే.

ఇప్పుడు అసలు విషయం. రఘునాథ్ బెంగళూరులో కొత్త బ్రాంచి తెరుస్తున్నాడు. దానికి మేనేజరు కావాలి. వేణుమాధవ్‌కు ఆ వార్త విన్న రోజు నుంచి అన్నం సహించలేదు. ముప్పై ఏళ్లుగా తాను బెంగళూరు మనిషినని చెప్పుకున్న అబద్ధం నిజమయ్యే ఘడియ వచ్చింది. రఘునాథ్ ఒక్క షరతు పెట్టాడు. "మంజులత మేడమ్ అని ఆడ ఒకామెకు పెద్ద బొటిక్ ఉండాది. అరవై కుట్టు చీరలు కావాలంట. ఆ ఆర్డరు మన చేతికొస్తే బ్రాంచి నీకే. రాకుంటే ఇంకొకర్ని చూసుకుంటా" అన్నాడు.

వేణుమాధవ్ నెల రోజులు ఆ మంజులతకు ఫోన్లు చేశాడు. తమది బెంగళూరు జయనగర్ అనీ, తాత కాలం నుంచి అక్కడే ఉన్నామనీ, ఉద్యోగం కోసం ఈ ఊళ్లో ఇరుక్కుపోయాననీ చెప్పాడు. ఆమె అవన్నీ విని, "సరేనండి, ఆ కుట్టు నేత నేను కళ్లతో చూడాలి. ఇద్దరు కూర్చుని నేస్తుంటే చూస్తేనే ఆర్డరు ఇస్తాను. మరమగ్గం చీరలు చేనేతని అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు" అంది. ఎవరి గురించి అంటోందో ఆమెకు తెలియదు. తెలిసినవాడికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

కుట్టు మగ్గం కోసం ఊరంతా వెతికాడు. ఎవరిని అడిగినా, "గోవిందరాజులు తాత తప్ప ఇంకెవరుండారప్పా?" అన్నారు. లోకల్ లోకల్ అని మూడు దశాబ్దాలు మూతి తిప్పితే మగ్గాలు మిగులుతాయా? చివరికి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఈశ్వరీ, రేపు మధ్యాహ్నం ఒక మేడమ్‌ను పిల్చుకొని వస్తాండా. నాయన కుట్టు నేసేది చూపించల్ల."

"రా అన్నా. నీ ఇంటికి నువ్వు వచ్చేదానికి నన్ను అడిగేదేముండాది?"

"అది కాదు. ఆ మేడమ్ ముందర నన్ను అన్నా అనొద్దు. నాయనకూ చెప్పు. నేను షోరూం మనిషిని, అంతే. మా ఇల్లు అని తెలియకూడదు."



"మరి ఏమని పిలవల్ల?"

"సార్ అనండి."

"నాయన కూడానా?"

"ఒక్క పూట ఈశ్వరీ. నా బతుకంతా దీని మీదనే ఉండాది."

"సరేలే, చెప్తా. నాయన నీ మాదిరి కాదు, చెప్పిన మాట వింటాడు" అని ఈశ్వరి ఫోన్ పెట్టేసింది. ఆ మాటలోని వాత అతనికి తగల్లేదు. పని అయిందనుకుని అద్దం ముందు నిలబడి వెంట్రుకలు సర్దుకున్నాడు.

మంజులత మామూలు నూలుచీరలో వచ్చింది. మెడలో పూసలదండ. అరవై పట్టుచీరలు కొనే మనిషి ఇట్లుందేమిటని వేణుమాధవ్ లోపల్లోపల పెదవి విరిచాడు. వీధిలో కారు పట్టదు కాబట్టి మొగలోనే దిగి నడిచారు. ఎండకు జనమంతా లోపల ఉంటారని అతను లెక్కవేసుకునే రెండు గంటలకు పిలిచాడు. అయినా నల్లమ్మ అవ్వ గడపలో కూర్చునే ఉంది. అతని పుట్టువెంట్రుకలు తీసిన రోజు ఒళ్లో పట్టుకున్న మనిషి.

"ఏమబ్బా, దోవ తప్పినావా?" అంది.

వేణుమాధవ్ ఆగలేదు. "లోకల్ వాళ్లు మేడమ్, ఎవర్ని చూసినా పలకరిస్తారు" అన్నాడు.

"మంచి అలవాటే కదా" అంది మంజులత.

ఇంట్లో గోవిందరాజులు మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్లు. చొక్కా లేదు, ముక్కు మీద కళ్లద్దాలు. గడపలో నీడ పడగానే తలెత్తి, కొడుకును పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"రాండి సార్" అన్నాడు. "రామ్మా, చాప మీద కూచో."

వేణుమాధవ్ గుండెల మీది నుంచి బరువు దిగింది. ముసలాయన బాగానే నేర్చుకున్నాడు, ఫర్వాలేదు అనుకున్నాడు. కన్నతండ్రి నోట సార్ అనిపించుకుని కుదుటపడ్డ మనసు అది. దాన్ని మనసు అనాలో వద్దో చదివేవాళ్లే తేల్చుకోవాలి.

మంజులత మగ్గం మీది చీరను వంగి చూసింది. ఆకుపచ్చ చీర, కుంకుమరంగు అంచు. రెండు రంగులు కలిసే చోట వేలితో తడిమింది. తర్వాత కుడిపక్క చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"ఈ పక్క కూర్చునేవాళ్లు ఎక్కడ?"

"మా బిడ్డ కూచుంటాదమ్మా. పొద్దున్నే పెనుకొండకు పోయింది. సాయంత్రం రైలుకు వస్తాది."

"మేము వస్తున్నట్టు చెప్పలేదా?"

"చెప్పినారు. తెలిసే పోయింది."

 మంజులత వాచీ చూసుకుంది. "నేను అయిదుకల్లా బయల్దేరాలండి. చీర చాలా బాగుంది, కానీ ఇద్దరు నేస్తుంటే చూడకుండా ఆర్డరు ఇవ్వనని ముందే చెప్పాను కదా" అంది. తర్వాత ముసలాయన వైపు తిరిగి, "ఇంకెవరికీ రాదా తాతా ఈ పని?" అని అడిగింది.

"ఈ వీధిలో వచ్చినోళ్లం ముగ్గురం ఉండామమ్మా. నేను, మా బిడ్డ, ఇంకొకడు."

"ఆయన్ని పిలవచ్చు కదా?"

"పిలిచేదానికి ఏముండాది? వచ్చేవాడైతే వాడే వస్తాడు" అన్నాడు గోవిందరాజులు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, తొందరేమీ లేనట్టు కూర్చున్నాడు.

ముసలాయన అంతకంటే పెద్ద తలుపు తెరవలేడు. "ఆ ఇంకొకణ్ణి నేనే మేడమ్, ఈయన మా నాయన" అంటే అయిపోయేది. నేత చూపించొచ్చు, ఆర్డరు వస్తుంది, బెంగళూరు వస్తుంది, దూరమైన తండ్రి కూడా వస్తాడు. మంజులత మహా అయితే ఒకసారి ఆశ్చర్యపోయేది. కానీ జయనగర్ సంగతో? నెల రోజులుగా కట్టిన కోటను ఒక్క మాటతో కూల్చుకోవడం వేణుమాధవ్‌కు చేతకాలేదు. ఆర్డరూ కావాలి, అబద్ధమూ ఉండాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి. అతను చెప్పులు విడిచి, ప్యాంటు మడిచాడు.

"నేను ట్రై చేస్తాను మేడమ్. షోరూములో వీడియోలు చూస్తుంటాం కదా."

కుడిపక్క కూర్చుని కాళ్లు గుంటలోకి దించాడు. గోవిందరాజులు కాలితో తొక్కి, మధ్య నాడె విసిరాడు. వేణుమాధవ్ చెయ్యి అంచు నాడెను అందుకుంది. నోరు ఎంత అబద్ధమైనా ఆడుతుంది గానీ, చేతులకు ఆ విద్య రాదు. మొదటి వరస కొంచెం తడబడింది. రెండోది కుదిరింది. మూడో వరస నుంచి ఆకుపచ్చ పోగూ కుంకుమ పోగూ ఎక్కడ కలవాలో అక్కడ కలిసి, బిగిసి, పోగును బిగించే పలక దెబ్బకు సర్దుకుంటూ పోయాయి. తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకోకుండా పన్నెండు వరసలు నేశారు. ముసలాయన ముఖం ఆ కాసేపూ మెత్తబడింది. ఎన్నేళ్లుగానో ఆ పక్క నుంచి రావలసిన నాడె వస్తోంది మరి.

మంజులత చాప మీద నుంచి లేచి దగ్గరికి వచ్చింది. "అబ్బ, ఎంత బాగా వేస్తున్నారు. నిజంగా ఇదే మొదటిసారా?" అంది.

ఇంకొక తలుపు కూడా తెరుచుకుంది. అడగకుండానే తెరుచుకుంది.

"ఫస్ట్ టైమ్ మేడమ్" అన్నాడు వేణుమాధవ్, నుదుటి చెమట తుడుచుకుంటూ. "ఇందులో పెద్ద పనేముంది? లోకల్ టెక్నిక్. రెండు నిమిషాలు గమనిస్తే ఎవరికైనా వచ్చేస్తుంది."

మగ్గం ఆగింది.

గోవిందరాజులు నాడెను పక్కన పెట్టాడు. కళ్లద్దాలు సర్దుకుని, చీర మీదికి వంగి, కొత్తగా నేసిన చోట గోటితో ఒక పోగును లేపాడు. మెల్లగా లాగాడు. ఆ వరస ఊడివచ్చింది. దాన్ని వేలికి చుట్టుకుని, రెండో దాన్ని లేపాడు.

మంజులతకు అర్థం కాలేదు. "ఏమైంది తాతా? తప్పు పోయిందా?"

"తప్పేమీ లేదమ్మా. కుట్టు చక్కగా పడింది. ఇంత చక్కగా మా బిడ్డ కూడా వెయ్యలేదు."

"మరి ఎందుకు తీసేస్తున్నారు?"

"నేసినోడెవడో చెప్పుకోలేని చీర ఈ ఇంట్లో నుంచి పోదు" అన్నాడు గోవిందరాజులు. కోపం లేదు ఆ గొంతులో. పండులో పుచ్చు కోసి పారేసేటప్పుడు ఎవరూ కోపం తెచ్చుకోరు. పోగు తరవాత పోగు లాగుతూనే ఉన్నాడు.

మంజులత ముసలాయన ముఖం చూసింది. తర్వాత పక్కన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి ముఖం చూసింది. చీరల్లో అసలూ నకిలీ పట్టుకోవడమే వృత్తిగా ఉన్న మనిషికి రెండు ముఖాల్లో పోలిక పట్టుకోవడం ఎంతసేపు? ఆమె మళ్లీ చాప మీద కూర్చుంది, ఈసారి నిమ్మళంగా, చీర కుచ్చెళ్లు సర్దుకుని.

"నేను సాయంత్రం రైలు వచ్చేదాకా ఉంటాను తాతా. మీ అమ్మాయి వచ్చాక చూస్తాను" అంది. వేణుమాధవ్ వైపు చూడకుండానే, "మీరు వెళ్లండి. ఆర్డరు సంగతి నేను వీళ్లతోనే మాట్లాడుకుంటాను. రఘునాథ్ గారికి నేను ఫోన్ చేస్తాను" అంది.

అతను లేచాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. మడిచిన ప్యాంటు దించుకున్నాడు, ఒకటి కిందికి, ఒకటి పైకి ఉండిపోయింది. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. ఎవరైనా అడిగితే చెప్పేవాడేమో, నాయనా అని కూడా అనేవాడేమో. ఎవరూ అడగలేదు. గోవిందరాజులు ఆరో పోగు వేలికి చుట్టుకుంటున్నాడు.

వేణుమాధవ్ చెప్పులు వేసుకుని గడప దాటాడు. వెనక నుంచి గొంతు వినబడింది. ఆశగా తిరిగి చూశాడు. ముసలాయన తల ఎత్తలేదు.

"పోతా పోతా తలుపు దగ్గరికేసి పోండి సార్. దుమ్ము వస్తాండాది."